అరుపుల్లో ఏముందని అడిగావుగా మామా

ఒంగోలు

ఒరే మామా,

నీ ఉత్తరం అందింది. "పాటన్నాక మాట అర్థం కావాలి కదరా, ఆ అరుపుల్లో ఏముంది?" అని నేను వినే డెత్ మెటల్ గురించి, అంటే బరువైన గిటార్లూ అరుపుల గొంతూ ఉండే రాక్ సంగీతం గురించి అడిగావు. ఫోన్లో తేలే సంగతి కాదు, అందుకే తీరిగ్గా కూర్చుని రాస్తున్నా.

ఆ గొంతు బొంగురుగా గర్జించడాన్ని గ్రౌల్ అంటారు. దాన్ని నేను గొంతుగా వినను, ఇంకో వాయిద్యంగా వింటాను. మన ఊళ్లో దసరాకి కళారాలు, అదే దేవతల పెద్ద ముఖాలు, బయటికొచ్చే రాత్రి గుర్తుందా? అంతెత్తు ముఖం, చుట్టూ డప్పులు, జనం కేకలు. అక్కడ ఒక్క మాటన్నా వినపడుద్దా? అయినా ఒళ్లు జలదరిస్తుంది, చేతులు వాటంతటవే జోడిస్తాం. డెత్ మెటల్ వింటే నాకు జరిగేది అదే. భయమూ భక్తీ ఒకేసారి.

మొత్తం మెటల్ సంగీతానికే మూలపురుషుడు, బ్లాక్ సబ్బాత్ బ్యాండ్ గిటారిస్టు టోనీ అయోమీ గురించి నీకు చెప్పి తీరాలి. బర్మింగ్‌హామ్‌లో రేకుల ఫ్యాక్టరీలో పనిచేసేవాడు. 17 ఏళ్ల వయసులో మెషిన్‌లో పడి కుడిచేతి రెండు వేళ్ల కొసలు తెగిపోయాయి. ఆయనది ఎడమచేతి వాటం, అంటే తీగలు నొక్కే చెయ్యే దెబ్బతింది. ప్లాస్టిక్ సీసా కరిగించి వేళ్లకి తొడుగులు చేసుకున్నాడు. నొక్కడం తేలికవ్వాలని సన్న తీగలు కట్టాడు, తర్వాత శ్రుతి కూడా దించాడు. మెటల్‌కి ఆ బరువు చాలావరకు అక్కడినుంచే వచ్చింది. నేను రోజూ చీమకుర్తిలో గ్రానైట్ కోసే మెషిన్ల మధ్య ఉంటాను కదా, మా వాళ్ల చేతులు చూసినప్పుడల్లా ఆయనే గుర్తొస్తాడు. ఈ సంగీతం పనిచేసే చేతుల్లోంచి పుట్టింది మామా, అందుకే అది నాది అనిపిస్తుంది.

'డెత్' అనే బ్యాండ్‌ని నడిపిన చక్ షుల్డినర్ అంటే నాకు ప్రాణం. మొదట్లో శవాలూ నెత్తురూ అంటూ రాసినవాడు, పోనుపోను మనిషి మనసు గురించి, నమ్మకాల గురించి రాశాడు. 2001 డిసెంబర్‌లో, 34 ఏళ్లకే, మెదడులో కణితితో పోయాడు. మెటల్‌లోనే ఇంకో రకం బ్లాక్ మెటల్, నార్వేలో చర్చిలు తగలబెట్టిన ఆ బ్లాక్ మెటల్ వాళ్లని మాత్రం గొప్పగా చెప్పుకునేవాళ్లంటే నాకు సహించదు. అది తెగువ కాదు.

మాట అర్థం కావాలన్నావు కదా, సినిమాల దగ్గర కూడా నా గొడవ అదే. ఏంటంటే, ఈ మధ్య అన్నీ చెప్పేస్తున్నారు. హీరో రాకముందే ఆయనెంతవాడో పదిమంది చెబుతారు, ఎక్కడ ఏడవాలో వెనక మ్యూజిక్ చెబుతుంది. మన పక్కనే ఉదయగిరిలో పుట్టిన సింగీతం శ్రీనివాసరావు 1987లోనే మాటల్లేకుండా 'పుష్పక విమానం' తీశాడు కదరా! అందులో కమల్ హాసన్‌కి పెద్ద హోటల్ గదిలో నిద్రపట్టదు. సినిమా హాలు పక్క గదిలో పడుకుని అలవాటైనవాడు కాబట్టి, ఆ ఫైటింగుల చప్పుడు టేపులో రికార్డు చేసుకొచ్చి పెట్టుకుంటే గానీ కన్ను మూతపడదు. పేదరికం గురించి ఎన్ని డైలాగులు రాసినా ఆ సీనుకి సాటిరావు. చప్పుడే కొందరికి జోలపాట అని నాకు నేర్పింది కూడా అదే.

పుస్తకాల్లో రచయిత త్రిపుర కథలూ అంతే. మొదటిసారి 'భగవంతం కోసం' చదివి సగం అర్థంకాక మళ్లీ మొదటికొచ్చాను. అర్థం కాని సగమే ఇన్నేళ్లూ నాతో ఉంది. నువ్వు చదవమని పంపిన ఆ వ్యక్తిత్వ వికాసం పుస్తకం నాకు నచ్చలేదు, దాని గురించి ఇంకేం రాయను.

ఇక వీడియో గేమ్స్. 'డార్క్ సోల్స్' తీసిన హిదెతాకా మియాజాకి చిన్నప్పుడు లైబ్రరీలో ఇంగ్లిష్ పుస్తకాలు తెచ్చుకుని, అర్థంకాని చోట్ల బొమ్మలు చూసి కథ తనే అల్లుకునేవాడట. 2011లో వచ్చిన ఆ గేమ్ అలాగే ఉంటుంది. కథ ఎవరూ చెప్పరు. దొరికిన ఉంగరం మీదో, కత్తి మీదో రెండు వాక్యాలుంటాయి, మిగతాది మనమే కలుపుకోవాలి. ఎక్కడో ఉన్న ఇంకో ఆటగాడు నేల మీద రాసి పోయిన మాట కనపడితే, అర్ధరాత్రి ఒంటరిగా ఆడుతున్నా పక్కన తోడున్నట్టే ఉంటుంది. గేమ్స్ టైంపాస్ అని నువ్వన్నప్పుడు నాకు నిజంగా బాధేసింది.

నువ్వు ముందుగా డెత్ వాళ్ల 'సింబాలిక్' ఆల్బమ్ విను, 1995ది. ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని, మొదటినుంచి చివరిదాకా, మధ్యలో ఆపకుండా. గొంతు సంగతి వదిలేసి తొలిసారి జీన్ హోగ్లన్ డ్రమ్స్ మీదే చెవి పెట్టు. ఎట్టా అనిపించిందో రాయి. నచ్చకపోతే అదీ రాయి, కానీ విన్నాకే రాయి.

నీ
ఒంగోలు మామ