మీ ఫైలులో ‘పరిష్కరించబడింది’ అని ఉన్న నా ఫిర్యాదు గురించి

మేనేజింగ్ డైరెక్టర్ గారికి,

నమస్కారం. మీ కస్టమర్ కేర్‌కు రాసి రాసి విసిగిపోయి, డబ్బా మీద చిన్న అక్షరాల్లో ఉన్న హెడ్డాఫీసు అడ్రసు పట్టుకుని, స్పీడ్ పోస్టులో నేరుగా మీకే ఈ ఉత్తరం పంపుతున్నాను.

మీ గెస్సో డబ్బా బాగోలేదు. ఆ సంగతి త్వరగా చెప్పేస్తాను, ఎందుకంటే నా కోపం డబ్బా మీద కాదు. వస్తువన్నాక ఒక్కోసారి పాడవుతుంది. రంగు వేసే ముందు బోర్డుకు పూసే ఈ తెల్ల పూత, ఆరాక కూడా వేలితో రుద్దితే పొడి అంటుతోంది. నేను శాలిహుండం కొండ మీద కూర్చుని, వంశధార కళింగపట్నం దగ్గర సముద్రంలో కలిసే చోటు బొమ్మ వేస్తున్నాను. ఇసుక మేటల గరుకుదనం కోసం మీడియంలో, అంటే రంగులో కలుపుకునే జిగురులో, అక్కడి ఇసుకే కలిపాను. నీళ్ల మీద వెలుతురు కోసం పొందూరు ఖద్దరు పీలికలు అతికించాను. వాలుగ చేప దవడ ఎముకతో ఏకిన పత్తి నుంచి వచ్చిన బట్ట అది, పల్చటి రంగు కింద దాని నేత కనిపిస్తుంటే నీళ్లు కదులుతున్నట్టే ఉంటుంది. ఒక మూల సరిచేద్దామని పాలెట్ నైఫ్ (రంగులు కలిపే చాకు) పెట్టాను. పాల మీది మీగడ ఎత్తినట్టు నది మొత్తం లేచి వచ్చేసింది. తిప్పి చూస్తే నీలం రంగు వెనక అంతా తెల్ల పొడి. ఖద్దరు పీలిక మాత్రం ఆ రంగు పొరను గట్టిగా పట్టుకునే ఉంది. అంటే రంగు పట్టింది, మీడియం పట్టింది, వదిలేసింది మీ పూత ఒక్కటే.

ఇక అసలు విషయానికి వస్తాను.

మీ టోల్ ఫ్రీ నంబరుకు ఫోన్ చేస్తే తెలుగు కోసం ఒక అంకె నొక్కమంది. నొక్కితే హిందీలో పలికారు. నాకు వచ్చిన హిందీలోనే చెప్పుకున్నాను. గెస్సో అంటే ఆ అమ్మాయికి తెలియలేదు. తెల్ల పూత, ప్రైమర్ అన్నాను. ఆ ఒక్క మాట పట్టుకుని, గోడ ఎన్ని చదరపు అడుగులు, చెమ్మ ఉందా, పాత సున్నం గీకించారా అని వరసగా అడగడం మొదలుపెట్టింది. గోడ కాదమ్మా, బొమ్మ అన్నాను. "ఓకే మేడమ్, నోట్ చేసుకున్నాను" అంది. ఏం నోట్ చేసుకుందో రెండ్రోజులకు తెలిసింది. ఇళ్లకు రంగులేసే మేస్త్రి ఒకాయన ఆమదాలవలస నుంచి ఫోన్ చేసి, "ఎన్ని గదులమ్మా?" అని అడిగాడు.

ఆయన గురించి మీకు చెప్పి తీరాలి. విషయం విన్నాక కూడా, ఇటు పనుంది ఓసారి చూసి వెళ్తానని వచ్చాడు. బోర్డు వెలుతురుకు పట్టి చూసి, బొటనవేలితో రుద్ది, "పొడి రేగిపోతంది, దీన్లో జిగురు నేదమ్మా" అన్నాడు. నిమిషం పట్టలేదు. డబ్బులు కూడా పుచ్చుకోలేదు. ఇంత పెద్ద మీ సంస్థ తరఫున నా బోర్డు కళ్లతో చూసిన మనిషి ఆయనొక్కడే. ఆయన కూడా మీవాళ్లు పొరపాటున పంపితే వచ్చినవాడే.

తర్వాత మెయిల్ పెట్టాను. ఫొటోలు పంపాను. పార్సిల్ విప్పుతున్నప్పటి వీడియో కావాలన్నారు. మూత తీస్తే తెలిసే లోపమా ఇది? పూయాలి, ఆరాలి, దాని మీద రంగు వెయ్యాలి, అప్పుడు కదా బయటపడేది! ఇదంతా వివరంగా రాస్తే, "మీ అసౌకర్యానికి చింతిస్తున్నాము" అని జవాబు, కింద మళ్లీ అదే వీడియో అడుగుతూ అదే పేరా. కొన్నదగ్గర అడగండి అని ఇంకొకరు అన్నారు. విశాఖపట్నంలో డీలరును అడిగితే, సీలు తీసిన డబ్బాతో మాకు సంబంధం లేదు, డిస్ట్రిబ్యూటర్‌ను అడగమన్నాడు. విజయవాడలో డిస్ట్రిబ్యూటర్ ఆఫీసువాళ్లు కంపెనీతోనే తేల్చుకోమన్నారు. కంపెనీ అంటే మళ్లీ ఆ టోల్ ఫ్రీ నంబరే.

డబ్బా వెనక్కి తీసుకుంటామని ఒకసారి ఒప్పుకున్నారు కూడా. రెండు రోజులు ఇంట్లోనే కూర్చున్నాను. చివరికి మీ పిన్‌కోడుకు పికప్ సదుపాయం లేదని మెసేజ్. అదే పిన్‌కోడుకు, ఇదే గుమ్మానికి మీ కొరియరు డబ్బా తెచ్చి ఇచ్చింది కదా. అమ్మడానికి ఉన్న శ్రీకాకుళం వెనక్కి తీసుకోవడానికి లేకుండా పోయిందా?

సూపర్‌వైజర్ మాట్లాడతారన్నారు. ఏ రోజు, ఏ వేళ అంటే చెప్పలేమన్నారు. ఆ ఫోన్ నేను తేలినీలాపురంలో ఉండగా వచ్చింది. చెట్ల మీద గూళ్లు పెట్టుకున్న కొంగల దగ్గర కూర్చుంటే, ఫోన్ సంచి అడుగున సైలెంట్‌లో ఉంటుంది. పక్షుల దగ్గర మోగే ఫోన్ పెట్టుకోను. ఊళ్లోవాళ్లు ఆ పక్షులను ఇంటి ఆడపడుచుల్లా చూసుకుంటారు, వాళ్ల ముందు నేను ఆ మర్యాద తప్పలేను. తిరిగి చేస్తే ఆ నంబరుకు ఇన్‌కమింగ్ లేదు. సాయంత్రానికి మెసేజ్ వచ్చింది: కస్టమర్ స్పందించనందున ఫిర్యాదు పరిష్కరించబడినట్టు పరిగణించి ముగించడమైనది. దాని వెంటనే, మా సేవకు ఎన్ని స్టార్లు ఇస్తారు అని ఇంకొకటి. సార్, ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. డబ్బా పోయినందుకు కాదు. ఇన్నాళ్లు ఫోన్లు చేసినదాన్ని నేనైతే, స్పందించలేదని నా పేరు మీదే రాసుకున్నారు.

ఫిర్యాదు మళ్లీ తెరిపించాను. ఈసారి ఒకాయన కొంచెం తెలిసినవాడిలా మాట్లాడాడు. ఎండలో వాడారు కాబట్టి అలా అయిందన్నాడు. ఎండ వల్ల నేను వాడే అక్రిలిక్ రంగు త్వరగా ఆరుతుంది, నిజమే. అందుకే మేం నీళ్లు చల్లుకుంటూ వేస్తాం. కానీ ఈ పూత నేను ఇంట్లో, నీడలో, ముందురోజే పూసి ఆరబెట్టుకున్నది. అది చెబితే, అయితే మీ ఇసుక వల్ల అన్నాడు. ఇసుక లేని చోటా లేచిందన్నాను. అప్పుడు మాట మార్చి, "మీ వైపు ఆర్టిస్ట్ మెటీరియల్ వాడేవాళ్లు తక్కువ కదా మేడమ్, వాడే పద్ధతి తెలియకపోవచ్చు" అన్నాడు.

ఈ మాటకు మీరు జవాబు చెప్పాలి. వడ్డాది పాపయ్య 1921లో పుట్టింది మా శ్రీకాకుళంలో. ఆయన చందమామ అట్టలు చూసి బొమ్మలు మొదలుపెట్టిన ఇళ్లు ఈ రాష్ట్రంలో ఎన్నో ఉన్నాయి. చిత్రకారుడు అంట్యాకుల పైడిరాజు బొబ్బిలివారు. సీతంపేట వైపు సవర గిరిజనులు మీ కంపెనీ పుట్టకముందు నుంచి ఇంటి గోడల మీద బొమ్మలు వేస్తున్నారు. మా వైపు వాళ్లకు పద్ధతి తెలియదని ఏ ధైర్యంతో అన్నారు?

నా పద్ధతి సరైనదో కాదో తేలాలని ఒక పని చేశాను. ఇంట్లో మీదే పాత డబ్బా అడుగున కొంచెం మిగిలి ఉంది. ఒకే బోర్డు మీద సగం పాత గెస్సో, సగం కొత్తది పూసి, రెండింటి మీద ఒకే నీలం వేశాను. ఆరాక టేపు అంటించి లాగితే పాత సగం చెక్కుచెదరలేదు. కొత్త సగం టేపుతోపాటే వచ్చేసింది. ఆ బోర్డు ఈ ఉత్తరంతో పంపుతున్నాను. దయచేసి వేలితో రుద్ది చూడండి.

ఆరో తరగతిలో మా డ్రాయింగ్ మాస్టారు చేతిలో పెట్టిన మొదటి రంగుల పెట్టె మీ కంపెనీదే. విదేశీ రంగులు కొనగలిగే రోజులు వచ్చినా నేను మారలేదు. ఏ రంగులు కొనాలి టీచర్ అని పిల్లలు అడిగితే మీ పేరే చెప్పాను. 2018లో తిత్లీ తుపాను ఉద్దానం కొబ్బరితోటలను పడగొట్టాక అక్కడ వేసిన బొమ్మల్లో కొబ్బరి పీచూ మట్టీ పట్టి ఉంచింది మీ గెస్సోనే. ఈ రోజుకీ ఒక్క పోగు ఊడలేదు. మంచిదాన్ని మంచిదని ఊరంతా చెప్పినదాన్ని, చెడ్డది వచ్చిందంటే ఒక్కసారి నమ్మలేరా?

ఇప్పుడు నా బాధ ఇంకొకటి. ఈ డబ్బాతో పూసిన బోర్డుల మీద వేసిన బొమ్మలు కొన్ని అమ్మేశాను. కొన్నవాళ్లకు నేనే ఫోన్ చేసి చెప్పాను. ఒకరికి డబ్బు తిరిగి ఇచ్చాను. నా సంతకం ఉన్న బొమ్మకు నేను పూచీ. మీ ముద్ర ఉన్న డబ్బాకు పూచీ ఎవరు?

డబ్బా ఖరీదు తిరిగిచ్చి చేతులు దులుపుకుంటే ఒప్పుకోను. రంగుల పని తెలిసిన మనిషి నా బోర్డు చూడాలి. ఆ బ్యాచ్ డబ్బాలు పరీక్షించి, లోపం ఉన్నదీ లేనిదీ సంతకం పెట్టి రాయాలి. ఉందంటే దుకాణాల్లో మిగిలినవి వెనక్కి తెప్పించాలి. పాడైన బొమ్మల సంగతి ఆ తర్వాత మాట్లాడుకుందాం. ‘కస్టమర్ స్పందించలేదు’ అని నా పేరు మీద రాసుకున్నది కొట్టేసి, కొట్టేశామని కూడా రాసి పంపాలి.

ఈ ఉత్తరం అందిన పదిహేను రోజుల్లో జవాబు రాకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 నంబరులో ఫిర్యాదు నమోదు చేయిస్తాను, ఆపైన జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్తాను. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం నేను ఉంటున్న చోటే కేసు వేయవచ్చు, 5 లక్షల లోపు అయితే ఫీజు కూడా లేదు. మీ ఊరు నేను రానక్కర్లేదు, మీరే శ్రీకాకుళం రావాలి. రెండు జిల్లాల్లో నాకు తెలిసిన డ్రాయింగ్ టీచర్లందరికీ ఇలాంటి సగం సగం బోర్డు ఒకటి చూపిస్తాను. మీ పికప్ సదుపాయం లేని పిన్‌కోడ్లన్నింటికీ నేను బస్సెక్కి వెళ్లగలను.

ఇట్లు,
మీ పాత కస్టమరు,
చిత్రకారిణి, శ్రీకాకుళం

జతపరచినవి: సగం సగం పూసిన బోర్డు, బిల్లు నకలు, మీవాళ్లు పంపిన మెయిళ్లూ మెసేజ్‌ల ప్రింట్లు.