గన్నవరంలో పైలట్ ఎందుకు వంగి చూశాడంటే

దుబాయ్

మామయ్యకు నమస్కారాలు.

గన్నవరంలో మీ విమానం గంటన్నర ఆలస్యమైందని, బయలుదేరే ముందు విమానం చుట్టూ తిరిగే పైలట్ చక్రం దగ్గర వంగి చూసి ఫోన్ తీశాకే అదంతా మొదలైందని చెప్పారు. "పది నిమిషాలు చుట్టూ తిరిగితే అతనికేం కనపడుతుందమ్మా?" అన్నారు. ఆటోనగర్‌లో ఇన్నేళ్లు బ్రేకుల పని చేసిన మనిషికి ఫోన్‌లో రెండు ముక్కలు చెబితే ఆనదు, అందుకే రాస్తున్నాను.

అతను చూసింది బహుశా బ్రేకు పిన్ను. ఈ విమానాలకు డ్రమ్ములుండవు. కార్బన్ పలకలు దొంతరగా పేర్చి ఉంటాయి, ఒకటి చక్రంతో తిరిగేది, దాని పక్కది కదలనిది. అవి అరిగేకొద్దీ బయటికి కనపడే సన్నని పిన్ను లోపలికి పోతుంది. అంచుకు సమానమైతే బ్రేకు మార్చాల్సిందే. పార్కింగ్ బ్రేకు వేసి చూస్తేనే ఆ లెక్క సరి. వదిలేసి చూస్తే పిన్ను ఇంకా పొడుగ్గా కనపడి మోసం చేస్తుంది.

టైరు సంగతి మీకు చెప్పక్కర్లేదు. గాడి ఎక్కడైనా పూర్తిగా అరిగిందా, కోత లోపలి దారం దాకా దిగిందా అని చూస్తారు. ఏ320 లాంటి విమానం పెద్ద చక్రాల్లో సుమారు 200 పీఎస్‌ఐ ఒత్తిడి ఉంటుంది, అదీ నైట్రోజన్. గాలిలో ఉండే ఆక్సిజన్, తేమ రెండూ అక్కడ పనికిరావు. చిక్కల్లా జంట చక్రాలతోనే. ఒకదాంట్లో గాలి తగ్గినా పక్కది బరువు మోస్తుంది కాబట్టి కంటికి నొక్కుకుపోయినట్టు కనపడదు. లారీ వెనక చక్రాలను క్లీనరు రాడ్డుతో కొట్టి చూసేది అందుకే కదా! ఇక్కడ గేజీ పెట్టాలి, అదీ టైరు చల్లారాక. అన్నట్టు, మీ రీట్రేడింగ్ ఇక్కడా ఉంది, ఒక్కో టైరుకు చాలాసార్లే చేస్తారు.

చక్రాల కాళ్ల మీద ఊదారంగు తడి ఉంటే అది హైడ్రాలిక్ నూనె. చర్మం మండిస్తుంది, పెయింటు ఊడగొడుతుంది. బ్రేకు ఆయిల్ బదులు ఇంజినాయిల్ పోస్తే రబ్బరు కప్పులు ఉబ్బిపోయినట్టే, ఇందులో వేరే నూనె కలిస్తే సీళ్లు పాడైపోతాయి. తడి కనపడినంత మాత్రాన విమానం ఆపరు. తుడిచి, నిమిషానికి ఎన్ని చుక్కలు పడుతున్నాయో లెక్కపెడతారు. ఎన్ని దాకా ఫరవాలేదో మాన్యువల్‌లో ఉంటుంది.

నన్నడిగితే అసలు ప్రమాదం ఇంత పెద్ద సామాన్లలో లేదు. ముక్కు దగ్గర వేలంత గొట్టాలుంటాయి, పీటో ట్యూబులు. విమానం వేగం తెలిసేది వాటితోనే. మట్టిగూడు కట్టే కందిరీగకు ఆ రంధ్రం సరిగ్గా సరిపోతుంది. 1996 ఫిబ్రవరిలో డొమినికన్ రిపబ్లిక్‌లో ఒక బోయింగ్ 757 సముద్రంలో పడి 189 మంది పోయారు. కవర్లు వేయకుండా నిలిపి ఉంచినప్పుడు ఒక గొట్టం పూడిపోయిందని, బహుశా కందిరీగ పనేనని తేల్చారు. అదే ఏడాది అక్టోబరులో పెరూ దేశపు లిమాలో ఇంకో 757 పడింది. కడిగేటప్పుడు నీళ్లు పోకుండా, ఎత్తు, వేగం తెలిపే స్టాటిక్ రంధ్రాలకు అంటించిన టేపు తీయలేదు. రాత్రి పూట, వెండిరంగు రేకు మీద వెండిరంగు టేపు, చుట్టూ తిరిగిన పైలట్‌కూ కనపడలేదు. 70 మంది పోయారు.

వంగకపోతే కనపడనిది ఇంకొకటుంది, ఇంజిను మూత గొళ్లేలు. ఏ320 రకంలో అవి ఇంజిను అడుగున, మోకాలి ఎత్తులో ఉంటాయి. 2013 మే 24న లండన్ హీత్రూలో అవి వేయకుండానే అదే రకానికి చెందిన ఒక ఏ319 లేచింది. రెండు ఇంజిన్ల మూతలూ ఊడిపోయాయి, ఒక ఇంజినుకు నిప్పంటుకుంది. అదృష్టవశాత్తూ అందరూ బతికారు. నిలబడి చూస్తే మూత మూసినట్టే ఉంటుంది, మోకాళ్ల మీద కూర్చుంటేనే గొళ్లెం వేలాడడం తెలుస్తుంది. మీ పైలట్ వంగాడంటే మంచివాడే.

ఇక ఆ గంటన్నర. లోపం లాగ్‌బుక్కులో రాశాక, లైసెన్సు ఉన్న ఇంజినీరు చూసి సంతకం పెట్టేదాకా బండి కదలదు. బాగుచేయడమో, ఏ లోపంతో ఎగరవచ్చో చెప్పే ఎంఈఎల్ అనే జాబితా ఒప్పుకుంటే వాయిదా వేయడమో జరగాలి. వాయిదా గడువు లోపం తరగతిని బట్టి ఉంటుంది: బీ తరగతిదైతే 3 రోజులు, సీ అయితే 10, డీ అయితే 120. కనిపెట్టిన రోజు లెక్కలోకి రాదు. జాబితా ఒప్పుకున్నా కెప్టెన్ ఒద్దనవచ్చు. బ్రేకే మార్చాల్సి వస్తే ఇంకో చిక్కు. అక్కడ స్పేరు లేకపోతే వేరే ఊరినుంచి తెప్పించాలి. గంటన్నరలో తేలిందంటే తొందరగా అయినట్టే.

ఈసారి రెక్క వెనక కిటికీ సీటు దొరికితే, రెక్క చివరి అంచున సన్నని పుల్లల్లాంటివి కనపడతాయి. గాలి రాపిడికి పుట్టే కరెంటు వాటిమీదుగా పోతుంది, లేకపోతే రేడియోలో గరగర. ఒకటి విరిగి ఉంటే కంగారుపడకండి, ఎన్ని లేకపోయినా ఎగరవచ్చో దానికీ ఒక లెక్క ఉంది.

అత్తయ్యను అడిగానని చెప్పండి.

మీ మేనకోడలు