పండుని బాల భవన్ మాన్పించకు, బిడ్డా

బిడ్డా,

అమ్మ ఆశీస్సులు. పండుని ఐఐటీ ఫౌండేషన్ బ్యాచ్‌లో చేర్చాలని, అందుకు వాడు బొమ్మలు, పాట, నాటకం నేర్చుకునే బాల భవన్ మాన్పిద్దామనుకుంటున్నామని మొన్న అన్నావు. ఫోన్లో అన్నీ చెప్పలేకపోయాను, అందుకే ఈ ఉత్తరం. అల్లుడికి కూడా చదివి వినిపించు.

నా మాట ముందే చెప్పేస్తాను. ఆరు, ఏడు, ఎనిమిది తరగతుల్లో మాత్రం పిల్లవాడి చేతిలోంచి బొమ్మగానీ పాటగానీ లాక్కోవద్దు. ఇన్నేళ్లు డ్రాయింగ్ టీచరుగా చేసి నేను గట్టిగా నమ్మింది ఇదొక్కటే.

ఆరో తరగతిలోకి కొత్తగా వచ్చిన పిల్లలకు గుర్రం వేయమంటే వేసేస్తారు. నాలుగు కాళ్లూ ఒకే వైపున్నా, రంగు నీలమైనా వాళ్లకి పట్టదు. ఏడుకి వచ్చేసరికి పక్కవాడు చూడకుండా అరచెయ్యి అడ్డం పెట్టుకుంటారు. రబ్బరుతో చెరిపి చెరిపి కాగితం చింపుతారు. "నాకు రాదు టీచర్" అంటారు. చెయ్యి మొద్దుబారిపోయి కాదు, కన్ను పదునెక్కి. తాను వేసింది నిజం గుర్రంలా లేదని మొదటిసారి తెలుస్తుంది. అప్పుడు ఎవరైనా పక్కన కూర్చుని కాలు ఎక్కడ మడుస్తుందో, నీడ ఎటు పడుతుందో చూపిస్తే గట్టెక్కుతారు. ఎవరూ కూర్చోకపోతే చాలామంది మళ్లీ పెన్సిల్ ముట్టరు. పాటలోనూ అంతే. మగపిల్లలకు గొంతు మారేది కూడా ఆ వయసు చుట్టుపక్కలే, సిగ్గుపడి మానేస్తారు. పండు ఇప్పుడు సరిగ్గా అక్కడే ఉన్నాడు.

ఇది నా ఒక్కదాని చాదస్తం కాదు. 2009 నాటి విద్యాహక్కు చట్టం చూడు. ఆరు నుంచి ఎనిమిది తరగతుల్లో వందమందికి మించి పిల్లలుంటే కళలకు, వ్యాయామానికి, పని విద్యకు పార్ట్‌టైమ్ బోధకులు ఉండాలని అందులో రాశారు. నేను చూసిన బడుల్లో చాలాచోట్ల ఆ పీరియడ్‌ని లెక్కలకో సైన్సుకో ఇచ్చేసేవాళ్లు. ఆ కోపం నాకు ఇంకా తగ్గలేదు. కేంద్ర ప్రభుత్వ సాంస్కృతిక శిక్షణ సంస్థ సీసీఆర్‌టీ వాళ్లు నాట్యం, సంగీతం, చిత్రకళ నేర్చుకునే పిల్లలకు ఇచ్చే స్కాలర్‌షిప్ కూడా పది నుంచి పద్నాలుగేళ్ల వాళ్లకే. అందులో కొన్ని, తరతరాలుగా కళ మీద బతికే ఇళ్ల పిల్లలకు విడిగా పెట్టారు. వాళ్ల ఆఫీసు మాదాపూర్‌లోనే ఉంది, ఒకసారి వెళ్లి కనుక్కో.

ఇక అసలు సంగతికి వస్తాను. బాల భవన్ అంటే పండు కోసం అనుకుంటున్నావు. నాకైతే అది మీ ముగ్గురి కోసం కావాలి.

చేర్యాల పటాలు నీకు తెలుసు కదా. ఖాదీ గుడ్డకు సుద్దమట్టి, చింతగింజల జిగురు కలిపి పూత పూసి, వెనక ఎర్రటి రంగు వేసి, దాని మీద వరసగా గళ్లు కట్టి బొమ్మలు వేస్తారు. పదుల అడుగుల పొడవుండే ఆ పటం విప్పుతూ కథ చెప్తారు. పద్మశాలీలకు కూనపులివాళ్లు, ముదిరాజులకు కాకిపడగలవాళ్లు, మాదిగలకు డక్కలివాళ్లు. ఏ కులం కథ ఆ కులం ముందు విప్పేవాళ్లు, ఊరంతా కూర్చుని వినేది. అది చూసే మా ఏడో తరగతి పిల్లలతో "మీ ఇంటి పటం" వేయించడం మొదలుపెట్టాను. షరతు ఒక్కటే, కథ పుస్తకంలోంచి రాకూడదు, ఇంట్లో అడిగి తెచ్చుకోవాలి.

అడగాలంటే పిల్లలు తండ్రి పక్కన కూర్చోవాలి కదా. అప్పటిదాకా బడికి రమ్మంటే, ఏం ఫిర్యాదు వినాలో అని వెనకాడిన తల్లిదండ్రులు పటం విప్పే రోజు పని మానుకుని వచ్చారు. బొంబాయి వలస వెళ్లి వచ్చిన ఒక తండ్రి, తాను పడుకున్న సిమెంటు గొట్టం బొమ్మలో సరిగ్గా లేదని కొడుకు పక్కన చేరి కుంచె పట్టుకున్నాడు. ఆ పిల్లవాడికి ఆ గొట్టం సంగతి అంతకు వారం ముందే తెలిసింది. ఒకమ్మ బీడీలు చుట్టిన లెక్క గడిగడికీ చెప్పింది, కూతురు ఆ కట్టలన్నీ వేసింది. ఆ తర్వాత ఆ అమ్మాయికి బడి మాన్పిస్తారేమో అనుకున్నప్పుడు నేను నేరుగా వాళ్లింటికి వెళ్లి మాట్లాడగలిగాను. పటం లేకపోతే నన్ను ఆ గడపలోకి ఎవరు రానిస్తారు?

పన్నెండు, పదమూడేళ్లకి పిల్లలు మనతో మాటలు తగ్గిస్తారు. "ఏం చేశావు ఇవాళ?" అంటే "ఏం లేదు" అంటారు. అదే వాళ్ల నాటకానికి కిరీటం అంటిస్తూ కూర్చో, ఎన్ని సంగతులు బయటికొస్తాయో చూడు. బాల భవన్ ఉన్న పబ్లిక్ గార్డెన్స్‌లో చెట్ల కింద ఎదురుచూసే తల్లులతో కాసేపు కూర్చుని చూడు. ఎవరి పిల్లవాడు తిండి మానేశాడో, ఎవరింట్లో గొడవలో మాస్టారికంటే ముందు వాళ్లకే తెలుస్తుంది. నువ్వేమో పండుని గేటు దగ్గర దింపి కారులోనే ఫోన్ చూసుకుంటున్నావట, వాడే చెప్పాడు.

ఇదేమీ కొత్త ఏర్పాటు కాదు. ఢిల్లీలో జాతీయ బాల భవన్ నెహ్రూ పూనికతో 1956లో వచ్చింది. మనకు అంతకు ముందే రేడియో అన్నయ్య న్యాయపతి రాఘవరావుగారు, అక్కయ్య కామేశ్వరిగారు ఉన్నారు. రేడియోలో పిల్లల చేతే పాడించి, ఆడించి, 1945లో "బాల" పత్రిక పెట్టారు. బాపు, ముళ్లపూడి వెంకటరమణ బడిపిల్లలుగా ఉన్నప్పుడే వాళ్ల బొమ్మా రాతా వేసింది ఆ పత్రికే. అన్నయ్యా అక్కయ్యా అని పిల్లలు పిలిచే వరసల్లోనే అదొక ఇల్లులా నడిచింది.

లెక్కలు వద్దని నేననను. జేఈఈ ఇంటర్‌లో కదా, ఇంకా ఐదేళ్లుంది. వాడికి లెక్కల్లో ఏది అర్థం కావట్లేదో అది ఇంట్లో చూడండి. తొమ్మిదిలో కోచింగ్ గురించి మళ్లీ ఆలోచించవచ్చు, అప్పుడు నేను అడ్డురాను. ఇప్పుడు ఆ ఫీజు కట్టి, రాత్రి ఎనిమిదింటికి నీరసంగా ఇంటికొచ్చే పిల్లవాడిని చూసి మీరిద్దరూ టెన్షన్ పడటం నాకిష్టం లేదు.

వచ్చే నెల వస్తాను. చింతగింజలు వేయించి పొట్టు తీసి తెస్తా, రెండు మీటర్ల ఖాదీ గుడ్డ నువ్వు కొని ఉంచు. అల్లుడి ఊళ్లో చెరువు తెగినప్పుడు వాళ్ల తాత గొడ్లని ఎట్లా గట్టెక్కించాడో పండుకి ఎవరూ చెప్పలేదట. ఆ ఆదివారం అల్లుడిని ఎక్కడికీ పోనివ్వకు. వియ్యపురాలికి కూడా ఫోన్ చేసి రమ్మని చెప్తా, ఆ కథ ఆవిడకే బాగా తెలుసు.

మీ అమ్మ