పరిశోధన ప్రశ్న తొలి అధ్యాయంలోనే తేలాలి

సంపాదకులకు నమస్కారం.

పరిశోధక విద్యార్థులు సిద్ధాంత గ్రంథం తొలి అధ్యాయాలను విషయం పుట్టుపూర్వోత్తరాలతో నింపేసి, అసలు తాము ఏ ప్రశ్నకు జవాబు వెతుకుతున్నారో 20, 30 పేజీల దాకా చెప్పకపోవడం ఎంతో బాధ కలిగిస్తోంది. ‘విద్యార్థులపై నిద్రలేమి ప్రభావం’ అన్నది విషయం మాత్రమే. పరీక్ష ముందు రాత్రి నిద్ర తగ్గితే అప్పటికే చదివింది ఎంతవరకు గుర్తుంటుంది అన్నది ప్రశ్న. భాషావేత్త జాన్ స్వేల్స్ 1990లో వివరించిన మూడంచెల పద్ధతి ఇక్కడ అక్కరకొస్తుంది: రంగం ప్రాముఖ్యాన్ని చూపడం, అందులో మిగిలిన ఖాళీని గుర్తించడం, ఆ ఖాళీని తన పరిశోధన ఎలా పూరిస్తుందో చెప్పడం. రెండో అంచె దగ్గరే చాలామంది తడబడతారు.

ఇందుకు ప్రధాన కారణం పూర్వ పరిశోధనల సమీక్ష రాసే తీరేనని నా అభిప్రాయం. ప్రతి పేరా ‘ఫలానావారు ఫలానా ఏడాది ఇలా అన్నారు’ అంటూ మొదలైతే అది వట్టి జాబితాగా మిగిలిపోతుంది. ఎవరెవరి ఫలితాలు ఎక్కడ కలుస్తున్నాయి, ఎక్కడ విభేదిస్తున్నాయి, ఆ తేడా నమూనా ఎంపిక వల్ల వచ్చిందా, కొలిచిన తీరు వల్ల వచ్చిందా అని తరచి చూసినప్పుడే ఆ ఖాళీ స్పష్టంగా బయటపడుతుంది. పీఠికను మొదట చిత్తుగా రాసుకున్నా, ఫలితాల అధ్యాయం పూర్తయ్యాక తిరగరాయక తప్పదు; అందుకు తగిన వ్యవధిని పర్యవేక్షకులు ముందుగానే కేటాయించాలని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక పరిశోధన పర్యవేక్షకురాలు