ఊపిరి తరగతి: మన కాలనీ సంఘం వార్షిక నివేదిక

సభ్యులందరికీ నమస్కారం.

ఈ ఏడాది కాలువల పూడిక తీయించాం, వీధి దీపాలు మార్పించాం, సంక్రాంతికి ముగ్గుల పోటీ పెట్టాం. జమాఖర్చుల పట్టిక జతచేశాను కనుక వాటి గురించి ఇక్కడ రాయను. విజయనగరంలో గంటస్తంభం దగ్గర కనిపించినా సరే, సభ్యులు నన్ను ఆపి అడుగుతున్నది ఉన్నత పాఠశాలలో మనం నడుపుతున్న ఊపిరి తరగతి గురించే. ఊపిరి మెల్లగా వదులుతూ కోపాన్ని అదుపులో పెట్టుకోవడం పిల్లలకు నేర్పే తరగతి ఇది. "ఊపిరి పీల్చడం కూడా నేర్పాలా మాస్టారూ?" అని ఒక పెద్దాయన సర్వసభ్య సమావేశంలోనే నవ్వారు.

కోపం తెచ్చుకోవద్దని తొమ్మిదో తరగతి పిల్లలకు ముప్పై ఏళ్లు డ్రిల్లు మాస్టారుగా నేనూ చెప్పాను. చెప్పినకొద్దీ వాళ్ల ముఖాలు ఎర్రబడేవి. ఆవేశాన్ని ఆపే మెదడు ముందుభాగం ఇరవై ఏళ్లు దాటాక గానీ పూర్తిగా ఎదగదు. గుండె దడదడలాడుతున్నప్పుడు మంచిమాట చెవికెక్కదు. ముందు దడ తగ్గాలి. ఊపిరి తీసుకున్నప్పుడు గుండె వేగం కాస్త పెరుగుతుంది, వదిలేటప్పుడు మెదడు నుంచి గుండెకు వెళ్లే వేగస్ అనే నరం దాన్ని నెమ్మదింపజేస్తుంది. ఈ సంగతి ఉపన్యాసంగా చెప్పకుండా, మణికట్టు మీద వేలు పెట్టించి పిల్లల చేతనే కనిపెట్టించాం. మనిషి మామూలుగా నిమిషానికి 12 నుంచి 20 సార్లు ఊపిరి తీస్తాడు. నాలుగు లెక్కపెడుతూ తీసి, ఆరు లెక్కపెడుతూ వదిలితే అది దాదాపు ఆరుకు దిగుతుంది.

మొదటి రెండు నెలలు దండగయ్యాయి. తప్పు నాదే. చాపలు పరిచి, కళ్లు మూయించి కూర్చోబెట్టాను. వెనక వరుసలో ఇకఇకలు, ముందు వరుసలో కునికిపాట్లు. 2025 జూన్ 21న విశాఖ తీరంలో యోగా దినోత్సవం జరిగినప్పటి నుంచి యోగా అన్న మాట వినీ వినీ పిల్లలకు మొహం మొత్తినట్టుంది. కళ్లు మూసుకుంటే భయమేస్తోందని ఒక అమ్మాయి చెప్పింది. ఆ రోజే ఆ నియమం ఎత్తేశాం.

తరగతిని నిలబెట్టింది మన ఉత్తరాంధ్ర జానపద నృత్యం తప్పెటగుళ్లు. పక్క ఊరి కళాకారులను పిలిచి, ఛాతీకి రేకు తప్పెట కట్టించి అడుగులు వేయించాం. రొప్పు వచ్చేదాకా గెంతడం, సైగ చేయగానే ఆగడం, నాడి పట్టుకుని ఊపిరి మెల్లగా వదలడం. మూడో వారంలో ఒక కుర్రవాడు, "కోపమొచ్చినా ఇలాగే కొట్టుకుంటుంది కదండీ" అన్నాడు. నేను రెండు నెలలు చెప్పలేకపోయింది వాడే చెప్పేశాడు. ఛాతీ మీద ఏనుగును నిలబెట్టుకున్న మన మల్లయోధుడు కోడి రామమూర్తి కథ కూడా అక్కరకొచ్చింది. అయితే ఊపిరి బిగబట్టడం ఆయనకే వదిలేశాం. ఉబ్బసం ఉన్న పిల్లలున్నారు కనుక ఊపిరి బిగబట్టే కుంభకం, విసురుగా వదిలే కపాలభాతి జోలికి పోలేదు.

ఇదంతా పనిచేస్తుందన్న రుజువేదని ఒక సభ్యురాలు అడిగారు. బ్రిటన్‌లో ఎనభైకి పైగా పాఠశాలల్లో, ఎనిమిది వేలకు పైగా పిల్లలతో చేసి 2022లో ప్రచురించిన పెద్ద పరిశీలనలో, ధ్యాన పాఠాల వల్ల మామూలు బోధన కంటే అదనపు మేలేమీ కనబడలేదు. అక్కడి పిల్లల్లో చాలామంది ఇంటి దగ్గర సాధనే చేయలేదు. అందుకే మనం ఇంటిపని ఇవ్వలేదు. డ్రిల్లు పీరియడు చివర, పరీక్షలో ప్రశ్నపత్రం పంచే ముందు చేయిస్తున్నాం. మార్కులు పెరిగాయని నేను చెప్పబోను. కొట్లాట మధ్యలోంచి బయటికి నడిచి వచ్చిన పిల్లలను మాత్రం చూశాను.

ఒక చిక్కు వచ్చింది. ఒక ఉపాధ్యాయుడు అల్లరి చేసినవాణ్ని "మూలకెళ్లి ఊపిరి పీల్చుకో" అని పంపడం మొదలుపెట్టారు. గోడకుర్చీకి ఇది కొత్త పేరు! ప్రధానోపాధ్యాయుల సమక్షంలో మాట్లాడి మాన్పించాం. ఊపిరితో తీరని దిగులు ఉన్న పిల్లల కోసం ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ కేంద్రం టెలీ మానస్ ఉచిత ఫోను నంబరు 14416ను వరండా గోడ మీద రాయించాం.

వచ్చే ఏడాది శనివారం మధ్యాహ్నాలు ఆడపిల్లల తరగతికి ఇద్దరు మహిళా సభ్యులు కావాలి. పాఠశాలలో పని చేసినవారే కానక్కరలేదు. గెంతలేకపోయినా పరవాలేదు, నేనూ గెంతడం లేదు. రెండు తప్పెటలు సొట్టపోయాయి. బాగుచేయించడానికి కార్యవర్గం అనుమతి కోరుతున్నాను.

ఇట్లు,
కార్యదర్శి