అధ్యాపకుల కౌన్సిళ్లకు నియమావళి కావాలి

డిగ్రీ కళాశాలల్లో స్టాఫ్ కౌన్సిల్ (అధ్యాపకుల సభ), అకడమిక్ కౌన్సిల్ (చదువు, పరీక్షల విషయాలు నిర్ణయించే సభ) సమావేశాలను రాతపూర్వక నియమావళి లేకుండా నడపడం వల్ల అధ్యాపకుల మాటకు విలువ లేకుండా పోతోంది. నెల్లూరు జిల్లాలో నేను పనిచేసే అటానమస్ (స్వయంప్రతిపత్తి గల) కళాశాలలో ఉదయం 11 గంటల సమావేశానికి అజెండా తొమ్మిదిన్నరకు వాట్సాప్‌లో వస్తుంది. టీ కప్పులతో పాటే మినిట్స్ (సమావేశ నిర్ణయాల నమోదు) రిజిస్టరు చేతులు మారుతుంది, పైన తీర్మానం రాయాల్సిన చోటు ఖాళీగా ఉండగానే కింద సంతకాలు పడిపోతాయి. ఇంటర్నల్ మార్కుల విధానంపై మేం ఆరుగురం తెలిపిన అభ్యంతరం, మూడు వారాల తర్వాత చూస్తే, ‘ఏకగ్రీవంగా ఆమోదించడమైనది’ అన్న ఒక్క వాక్యంలో కలిసిపోయింది. ఆ బాధ ఇప్పటికీ తగ్గలేదు. యూజీసీ (విశ్వవిద్యాలయ నిధుల సంఘం) నిబంధనలు అకడమిక్ కౌన్సిల్‌లో విభాగాధిపతులతో పాటు సీనియారిటీ ప్రకారం వంతులవారీగా 4 అధ్యాపక స్థానాలను, విశ్వవిద్యాలయం నియమించే 3 ప్రతినిధుల స్థానాలను కల్పించింది చర్చ జరగాలనే. కనుక వారం ముందుగా అజెండా అందించాలి, కోరం (ఉండాల్సిన కనీస సభ్యుల హాజరు) లేనిదే తీర్మానం చెల్లకూడదు, అసమ్మతిని పేరుతో సహా నమోదు చేయాలి, మినిట్స్‌ను సభ్యులందరికీ పంపి తదుపరి సమావేశంలో మొదటి అంశంగా ఖరారు చేయాలి. విక్రమ సింహపురి విశ్వవిద్యాలయం తన అనుబంధ కళాశాలలన్నిటికీ ఇలాంటి నమూనా నియమావళిని వచ్చే విద్యా సంవత్సరం మొదలయ్యేలోగా జారీ చేయాలి.

– ఒక అధ్యాపకుడు, నెల్లూరు జిల్లా