శీనూ, మా సాలీళ్లు ఏం తిని బతికాయో తెలిసిందిరా!

ఒరేయ్ శీనూ,

నీ ఉత్తరాలకి జవాబు రాయలేదని కోపం తెచ్చుకోకురా. నాట్లు, కలుపు, మధ్యలో అమ్మకి జ్వరం, అన్నీ ఒక్కసారే మీద పడ్డాయి. అమ్మకి ఇప్పుడు నయం. చెల్లి పరీక్ష పాసయింది. గేదె ఈనింది. మిగతావన్నీ మామూలే. అసలు సంగతి చెప్పందే నాకు నిద్ర పట్టేలా లేదు.

పక్క చేలో సుడిదోమ పడింది, అదే, వరి దుబ్బు మొదట్లో చేరి రసం పీల్చే చిన్న పురుగు. పచ్చటి చేను నడుమ గుండ్రంగా ఎండిపోయి, ఆ సుడి రోజురోజుకీ వెడల్పవుతోంది. వాళ్లు నాటిన నెలలోపే ఆకుముడత పురుగు కనబడిందని పైరిత్రాయిడ్ రకం పురుగుమందు కొట్టారు. తర్వాత మళ్లీ కొట్టారు. అది చూసి మామయ్య మందు డబ్బా కడిగి సిద్ధం చేసేశాడు. "ఇవాళ కొట్టకపోతే మనకి మిగిలేది గడ్డే" అంటాడు. "ఒక్క పూట ఆగు మామయ్యా, ముందు దుబ్బులు చూద్దాం" అన్నాను. మన వెనక బెంచీ మంత్రం గుర్తుందిగా, "ముందు ఎంచు, తర్వాత ఏడువు"? నువ్వు పక్కన ఉంటే ఇద్దరం కలిసి గట్టిగా అరిచేవాళ్లం.

సరే, చేలోకి దిగి దుబ్బు మొదట్లో పిలకలు విడదీసి చూశాం. దోమ ఉంది, లేదనను. నీటికి కాస్త పైన గోధుమ రంగు పిల్లలు కాండానికి అంటుకుని ఉన్నాయి. కానీ వాటి పక్కనే సాలీళ్లురా! ఒక తల్లి తోడేలు సాలీడు ఒళ్లంతా బుడిపెలు లేచినట్టు కనబడింది. వంగి దగ్గరగా చూస్తే అవి బుడిపెలు కావు, పిల్లలు. వీపు నిండా పిల్లల్ని మోసుకుంటూ, నోట్లో దోమ పట్టుకుని పిలక చుట్టూ తిరుగుతోంది. అలాంటి సాలీడు ఒక్కటి రోజుకి 5 నుంచి 15 దోమల్ని తింటుంది. ఆకు తొడిమ మీద పచ్చ మిరిడ్ నల్లులు కూడా ఉన్నాయి. దోమ ఆ తొడిమ లోపల గుడ్లు పెడితే, ఇవి ముక్కు గుచ్చి వాటిని పీల్చేస్తాయి. మామయ్య చాలాసేపు మాట్లాడలేదు. చివరికి, "మరి దోమ రాకముందు ఇవన్నీ ఏం తిని బతికాయిరా?" అన్నాడు.

ఆ ఒక్క ప్రశ్న కోసమే ఈ ఉత్తరమంతా!

నాట్లు వేసిన కొత్తలో సాయంత్రాలు నీటి మీద మబ్బులా ముసిరే ఈగలున్నాయి చూడు, చూడ్డానికి మనల్ని కుట్టే ఇంటి దోమల్లాగే ఉంటాయి గానీ కుట్టవు? కైరోనమిడ్లంటారు. వాటి పిల్లలు బురదలో కుళ్లే ఆకునీ, నీటి నాచునీ తిని పెరుగుతాయి. పైరు జోలికే రావు. సుడిదోమ ఇంకా రాని రోజుల్లో సాలీళ్లకి ఇవే మేత. ఇండొనేషియాలోని జావా వరి చేలల్లో విలియం సెటిల్ బృందం చేసిన పరిశోధన 1996లో అచ్చయింది. అందులో చేలో సేంద్రియ పదార్థం పెంచితే ముందు ఈ ఈగల్లాంటివి పెరిగాయి, వాటి వెనకే వాటిని తినే సాలీళ్లూ పెరిగాయి. అంటే మనం పచ్చిరొట్ట ఎరువుగా జీలుగ కలియదున్నింది నేల కోసమనుకున్నాం గానీ, దాంతో సాలీళ్లకి కూడా వండిపెట్టామన్నమాట! నేల సారం వేరు, పురుగు బాధ వేరు అని ఎవరు విడదీశారో గానీ, చేలో మాత్రం ఆ గీత ఎక్కడా లేదు.

ఇప్పుడు పక్క చేను తలుచుకో. మొదటి నెలలో కొట్టిన మందుకి ఈగలూ పోయాయి, సాలీళ్లూ పోయాయి. తొడిమ లోపలి దోమ గుడ్లకి మాత్రం ఏమీ కాలేదు. పిల్లలు బయటికొచ్చేసరికి తినేవాళ్లే లేరు. దానికి తోడు యూరియా ఎక్కువ పడింది. నత్రజని ఎక్కువైన పైరు మీద దోమ ఇంకా ఎక్కువ గుడ్లు పెడుతుంది. ఇంతకీ ఏ ఆకుముడత కోసం మందు కొట్టారో, ఆ వయసు పైరు కాస్త ఆకు పోయినా కొత్త ఆకులతో, పిలకలతో పూడ్చుకునేదే. వియత్నాంలో మెకాంగ్ డెల్టా రైతులకి మొదటి 40 రోజులు మందు వద్దని ఊరూరా ప్రచారం చేసింది అందుకే. ఇండొనేషియా అయితే 1986లో వరికి వాడే 57 పురుగుమందుల్ని ఒక్క ఉత్తర్వుతో ఆపేసింది. అయినా అక్కడ ధాన్యం దిగుబడి పడిపోలేదు.

పక్క చేను ఆయన నిన్న గట్టు మీద తల పట్టుకుని కూర్చున్నాడురా. నాకేం మాట్లాడాలో తోచలేదు. అంత కష్టం, అంత అప్పు... ఆయనకి ఆ మందు కొట్టమన్నవాళ్లు ఒక్కరైనా దుబ్బు విడదీసి చూశారా? నాకు చాలా కోపంగా ఉంది. దీని గురించి ఇంకా రాయాలనుంది గానీ, తర్వాత.

మందే వద్దని నేననను. సాలీళ్ల శక్తికి మించి దోమ పెరిగితే చూసి, దానికి తగిన మందు దుబ్బు మొదళ్లకి తగిలేలా కొట్టాల్సిందే. కానీ అది చివరి మాట కావాలి. ఈసారి మేం నాటేటప్పుడే 2 మీటర్లకొక కాలిబాట వదిలాం, గాలీ వెలుతురూ మొదట్లోకి దిగుతున్నాయి. గట్ల మీద పూలమొక్కలు కూడా పీకనివ్వట్లేదు, ఆ తేనె తాగే పరాన్నజీవి కందిరీగలు ఉన్నాయి చూడు, వాటి కథ ఇంకా పెద్దది, ఆకుముడత పురుగు గుడ్లలోనే...

మామయ్య కేకేస్తున్నాడు. దోమ తగ్గడానికి చేలో నీళ్లు తీసి ఆరబెట్టాలి, మడవ తెంచాలి. గుడ్ల సంగతి మళ్లీ రాస్తా. నీ చేలో దుబ్బులు విడదీసి ఏం కనబడిందో వెంటనే రాయి.

నీ
రాముడు